పట్టాల మధ్య సందు

నేను కుదురుగా కూర్చోలేను. కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావురా అనేది మా అమ్మ. అవి రైలు చక్రాలని ఆమె అనుకుని ఉండదు. అండమాన్‌లో రైలెక్కడిది?

ఆ వానాకాలం మిడిల్ పాయింట్ పేటలోని మా ఇంట్లో నాకు మరీ కాలు నిలవలేదు. మా ఆవిడ మాట్లాడటం మానేసింది. విశాఖ దగ్గర రైల్వే క్వార్టర్సులో పెరిగిన మనిషి. వాళ్ళ నాన్న పాయింట్‌మ్యాన్. పట్టాలు రెండుగా చీలే చోట ఏ బండి ఏ దారిన పోవాలో ఆ దారికి పట్టాలు మార్చేవాడు. ఆయన పోయాడని ఫోనొచ్చిన రోజు తుఫాను. ఓడ కదల్లేదు, విమానం ఎగరలేదు, ఆఖరి చూపు దక్కలేదు. ఏమైందని ఎప్పుడడిగినా ఒకటే మాట.

"ఇక్కడ బండి సప్పుడే లేదండీ. నిద్దరట్టదు."

చప్పుడుకేం తక్కువ, నేనున్నాను కదా! ఆమె మౌనంగా ఉంటే నాకు ఊపిరాడదు. చేపల ధర దగ్గర్నుంచి పాస్టరుగారి బొంగురు గొంతు దాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాణ్ణి. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

చివరికి వాళ్ళ నాన్న మార్చిన పట్టాలనే చిన్నవిగా చేసి ముందు పెడదామనుకున్నాను. ఆమె నోరు విప్పితే చాలు. ఫోన్లో వీడియోలు చూశాను. పడాక్ చెక్క ముక్కల్ని పట్టాల కింది స్లీపర్లుగా కోశాను, ఇత్తడి బద్దలు అరగదీసి పట్టాలు చేశాను. తుప్పు రంగు, కంకర, నూనె మరకలు, అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి. ఇనుప చక్రాల చిన్న వ్యాగన్ మాత్రం ఓడ మీద తెప్పించాను.

తోస్తే, ఒక పట్టా ఇంకో పట్టాను దాటే చోట ప్రతిసారీ ఎగిరి పక్కకి పడేది. అరగదీశాను, వంచాను, తిట్టాను. అన్నానికి పిలిస్తే కసిరాను. బల్లతో సహా ఎత్తి వాన నీళ్ళలో పడేద్దామన్నంత కోపం వచ్చింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె చీరైనా మార్చుకోకుండా బల్ల దగ్గర ఆగింది. వంగి చూసింది.

"ఏటండీ ఇది? ఇక్కడ సందుండాల గదా. పూడ్సేసేరేటి?"

"సందుంటే కైసే చలేగా, చక్రం దిగబడదూ? పుట్టీ పెట్టి బరాబర్ చేసేశా."

నేను ఈ దీవుల్లోనే మాయాబందర్‌లో డుంగీ పడవలు కట్టేవాడి కొడుకుని. చెక్కకీ చెక్కకీ మధ్య వెలుగు కనిపిస్తే మా నాన్న చేతిలో నా వీపు విమానం మోత మోగేది. దూది కుక్కి గుగ్గిలం పట్టించేదాకా అన్నం లేదు. సందు కనబడితే ఇప్పటికీ నా చెయ్యి ఊరుకోదు.

"ఇదేటి, పడవా?" అని ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నానా నవ్వు. జడలోంచి పిన్ను తీసి పుట్టీ గీకడం మొదలుపెట్టింది. "సక్రానికి లోపలేపు అంచుంటాది. అది దూరడానికే ఈ సందు. మా నాన్న రోజూ వొంగి సూసేవోడు, రాయేదైనా ఇరుక్కుందేమోనని..."

అక్కడితో ఆగిపోయింది. నోటిదాకా వచ్చిన ఓదార్పు మాటను మింగేశాను. అదెంత కష్టమో నాకే తెలుసు.

ఆఖరి ముక్క పెకలించి, వ్యాగన్‌ని వేలితో తోసింది. టక్, టక్. పడకుండా దాటింది.

"ఇదేనండీ ఆ సప్పుడు," అంది. "ఆ సందులోంచే వొస్తాది."

మళ్ళీ తోసింది. ఏడుస్తూ తోస్తూనే ఉంది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. అన్నం చల్లారిపోయినా లేవలేదు.