మామయ్య కూర్చుని చూసిన బైకు

మా మేనత్త నీళ్ళ ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెవితో పట్టుకోవడం ఆవిడ పని. ఇనుప కడ్డీ ఒక కొస పైపుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, నడిరోడ్డు మీద కళ్ళు మూసుకుని నిలబడుతుంది. కాసేపటికి "ఇక్కడ తవ్వండి" అంటుంది. తవ్వితే నీళ్ళు. ఒకసారి ఆవిడ అలా వింటుంటే, కాస్త అవతల అదే పైపు మీద నేను గరిటెతో పాట వాయించాను. అత్త కళ్ళు తెరవకుండానే "ఒరేయ్, తాళం తప్పుతున్నావు" అంది.

మనిషి పొట్టి, సన్నం. ఆమె చీర కొంగుకి రాయి కట్టకపోతే గాలికి ఎగిరిపోతుందని మా నాన్న ఏడిపిస్తుంటాడు. మామయ్య మాత్రం ఇద్దరి వంతూ ఆయనే తిన్నట్టుంటాడు. ఆయనది పరుపులు, సోఫాల కొట్టు. ఏ సోఫా తయారైనా ముందు తనే అందులో కూలబడి, అక్కడే రెండుసార్లు ఎగిరి, "ఆఁ, రాజాలా ఉంది" అంటేనే అది గుమ్మం దాటుతుంది. అందుకే మా వీధిలో ఏ ఇంటి సోఫా అయినా ఆయనకే అతికినట్టు ఉంటుంది. మిగతావాళ్ళకి అందులో కూర్చోవడమూ బల్ల మీద కూర్చోవడమూ ఒకటే.

అత్త ప్రాణమంతా కొండ లైను మీదే. కొండ మీద ట్యాంకు నుంచి ఊళ్ళోకి దిగే పెద్ద పైపు అది. దాని పక్కనే దారి. దారి అని పేరుకే గానీ అంతా రాళ్ళు, వదులు కంకర, మెడ తిప్పినట్టు మలుపులు. పోయిన వానల్లో ఆ పైపు పగిలినప్పుడు అత్త పాత స్కూటరు సగం దారిలో చేతులెత్తేసింది. అత్త నడిచి పైకి చేరి వాల్వు కట్టేసరికి సగం ఊరు ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసు ముందుంది. అప్పటినుంచి గుసగుసలు. అత్తని బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టి, కొండ లైను సైలెన్సరుకి ఇస్తారట.

సైలెన్సరంటే అత్తతో పనిచేసే ఫిట్టరు. నోరు తెరిస్తే మూయడు, అందుకే ఆ పేరు.

"కౌంటర్లో కూర్చుని నేనేం వినాలిరా? జనం తిట్లా?" అంది అత్త ఆ రోజు అన్నం కలుపుతూ. కలిపింది గానీ తినలేదు.

అత్త పై అధికారి ఇంజనీరు మేడమ్ ఎవరి మాటా పట్టుకుని తీర్పు చెప్పే రకం కాదు. ఇద్దరినీ పిలిచింది.

"కొండకి పనికొచ్చే బైకు ఒకటి కొంటున్నాం. రోడ్డు మీదా, రాళ్ళలోనూ నడిచే చిన్న బళ్ళు మూడు తెప్పించాను. మీరిద్దరూ నడిపి చూడండి. ఆదివారం పనిముట్ల సంచి కట్టుకుని కొండెక్కి దిగండి. ఎవరు సరిగ్గా చేస్తే లైను వాళ్ళది. వాళ్ళు చెప్పిన బండే కొంటాను."

ఆఫీసు వెనక దొడ్లో మూడూ వరసగా నిలబడ్డాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి నీలం. నేను వీడియోలు చూసి మెకానిక్కునైన వాణ్ణి. వాటి లెక్కలన్నీ అప్పజెప్పడం మొదలుపెట్టాను. అత్తకి ఆ భాష పడదు. పవరుని ఊపిరి అంటుంది, షాకబ్జర్లని మోకాళ్ళంటుంది. బ్రేకులు బాగుంటే "మాట వింటుంది" అంటుంది.

"అత్తా, ఎర్రదాని పవరు చూశావా? మూడింట్లో ఇదే మొనగాడు!"

అత్త ఒక చుట్టు తిరిగొచ్చింది. "ఊపిరి ఉందిరా. కానీ గొంతు చించుకుని అరిస్తే గానీ ఇవ్వట్లేదు. రాళ్ళలో నడక వేగంతో పోవాలి. అక్కడ ఇది అరిస్తే చక్రం కింద రాయి జారుతుంది, నేను దాని వెనకే జారతాను."

పసుపుది పొట్టి బండి, లావు టైర్లు. అత్త పాదాలు రెండూ హాయిగా నేలకి ఆనాయి. "ఇదెవరో మన చుట్టమేరా" అని మురిసిపోయింది. తీరా సంచి కట్టి గుంతలో దింపితే వెనక ధబ్బుమని అడుక్కి కొట్టుకుంది. దాని వెనక బ్రేకు పాత స్కూటర్లకుండే డ్రమ్ము రకం. దిగుడులో పదేపదే తొక్కేసరికి పట్టు సడలిపోయింది. "మనసు మంచిదే పాపం. మోకాళ్ళే లేవు" అని దిగేసింది.

నీలందానికి ఊపిరి మధ్యరకం. అయితే ఇంజను గుసగుసలాడుతున్నప్పుడే లాగుతుంది. సీటు కొంచెం ఎత్తు గానీ, అత్త కూర్చుంటే కాస్త కుంగి, ఒక పాదం ముందు భాగం నేలకి అందింది. రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులే, ఏబీఎస్ కూడా ఉంది. తారు రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడేది అదే. వదులు కంకర మీద దిగేటప్పుడు మాత్రం దాని అతి జాగ్రత్త ప్రాణం మీదికొస్తుంది. చక్రం ఏ కాస్త జారబోయినా బ్రేకు వదిలేస్తుంది, బండి ఆగదు. నీలందానికి వెనక చక్రం వరకు దాన్ని ఆపేసే బొత్తం ఉంది. ఎర్రదానికీ ఏబీఎస్ ఉంది గానీ ఆ బొత్తం లేదు.

"ఇదే" అంది అత్త.

"నాకు ఎర్రదే" అన్నాడు సైలెన్సరు. "బలం ఉన్నవాడికి బొత్తాలెందుకక్కా?"

శనివారం సాయంత్రం నీలందాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. మామయ్య దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. సీటు నొక్కి మొహం చిట్లించాడు. "నువ్వు పడుకోవే, పొద్దున్నే లేవాలి. నేను తుడిచి పెడతాలే" అన్నాడు. పెళ్ళాం మీద అంత ప్రేమ చూసి నేను కూడా ముచ్చటపడ్డాను.

ఆదివారం పొద్దున్న కొండ కింద ఆఫీసు జనమంతా చేరారు. మామయ్య ఫ్లాస్కు నిండా టీ తెచ్చి అందరికీ పోస్తున్నాడు, అప్పుడే గెలిచేసినట్టు. పైకి చేరినవాళ్ళు ట్యాంకు కడిగే వాల్వు తిప్పాలి. కొండ చెంప నుంచి నీళ్ళు చిమ్మితే చేరినట్టు.

ముందు అత్త ఎక్కింది. ఎక్కగానే మొహం మారింది. నిన్న అందిన నేల ఇవాళ బొటనవేలికి కూడా సరిగా అందట్లేదు. అయినా కదిలించింది. మొదటి రాయి మీదే బండి గుర్రంలా తన్నింది. రెండో రాయికి పక్కకి ఒరిగింది, కాలు పెట్టబోతే నేల లేదు. అత్తా, బండీ, సంచీ అందరి ముందూ ధడేల్‌మని పడ్డారు.

"అక్కా, కౌంటర్లో కుర్చీకి కూడా చక్రాలుంటాయి. అది నడుపుదువు గానీ రా!" అన్నాడు సైలెన్సరు. జనం గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అత్త లేచి మోచేతి దుమ్ము దులుపుకుంది.

అత్త నా చేత బండి లేపించి, ఇంజను కట్టేసింది. సీటు గట్టిగా నొక్కి వదిలింది. సీటు పైకొస్తూ లోపల ఎక్కడో "టక్" మంది. వంగి, చెవి దగ్గర పెట్టి మళ్ళీ నొక్కింది. మళ్ళీ టక్.

"నిన్న ఈ చప్పుడు లేదు. స్ప్రింగు ఎవరో బిగించారు."

తల ఎత్తకుండానే అడిగింది. "ఏమండీ?"

మామయ్య ఫ్లాస్కుతో సహా ముందుకొచ్చాడు, మొహం వెలిగిపోతూ. "నేనే! మరీ లొడలొడలాడుతోంది, మనిషి పరువు తీసేలా ఉందని స్ప్రింగు మీది రింగు చివరిదాకా బిగించా. కూర్చుని కూడా చూశాను. రాజాలా ఉంది!"

"మీరు కూర్చుంటే రోడ్డు రోలరైనా మెత్తగానే ఉంటుంది. దీని మీద కూర్చునేది నేనండీ!"

ఈసారి నవ్వింది జనమే కాదు, ఇంజనీరు మేడమ్ కూడా. నవ్వాపుకుని, "సరిచేసుకుని వెళ్ళమ్మా. పోటీ పరుగులో కాదు, పనిలో" అంది. సైలెన్సరు ఆగలేదు. ఎర్రదాన్ని అరిపిస్తూ, మా అందరి టీలోనూ దుమ్ము పోసి ఎక్కిపోయాడు.

అత్త సీటు కింద కొక్కెం స్పానరు తీసి తనే రింగు వదులు చేసింది. నన్ను బండి పట్టుకోమని ఎక్కి కూర్చుని చూసింది. ఇంకాస్త వదిలింది. ఇప్పుడు బండి ఆమె కింద కొద్దిగా కుంగింది.

"కుంగాలిరా. కుంగితేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి కాలు చాపగలదు. నిన్నటి నుంచి పాపం మునివేళ్ళ మీద నిలబెట్టారు దీన్ని." బొత్తం నొక్కి వెనక ఏబీఎస్ ఆపింది. కొంగు బిగించింది. "పదవే తల్లీ" అంది. నన్ను కాదు, బండిని.

డుగ్గు డుగ్గుమంటూ ఎక్కింది, ఎవరితోనో కబుర్లు చెప్పుకుంటూ పోతున్నట్టు. ఇందాక తన్నిన రాయి మీదే వెళ్ళింది. చక్రం ఎగిరింది, అత్త ఎగరలేదు. మూల మలుపులో ఎర్రది ఆగిపోయి ఉంది. సైలెన్సరు స్టార్టు చేస్తున్నాడు, క్లచ్ వదులుతున్నాడు, ఇంజను చస్తోంది. మాడిన క్లచ్ వాసన కింద మాదాకా వచ్చింది. అత్త వాడి పక్కనుంచి, చూసి కూడా చూడనట్టు, దాటిపోయింది.

తర్వాత కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది, సన్నగా. ఆ తర్వాత అదీ లేదు. మామయ్య చేతిలో కప్పు సగంలో ఆగింది. "ఏరా, మళ్ళీ పడిందంటావా?" అన్నాడు, ఫ్లాస్కు మూత కొరుకుతూ.

అంతలో కొండ చెంప నుంచి తెల్లగా నీళ్ళు చిమ్మాయి! జనం కేకలు. నేను ఈల వేశాను. మామయ్య ఇంజనీరు మేడమ్ ముందే గంతేశాడు. నేల అదిరింది.

దిగడం ఇంకా బాకీ ఉంది. సైలెన్సరు ఎలాగో బండి తిప్పుకుని ముందు వాడే దిగాడు, వేగంగా. కంకర రాగానే బ్రేకు తొక్కాడు. ఏబీఎస్ బ్రేకుని పట్టి వదులుతూ టకటకటకమని చప్పుడే గానీ బండి ఆగితేనా! మలుపు తిరగాల్సిన చోట తిన్నగా పోయి పొదలోకి దూరిపోయింది. వెనకాలే అత్త దిగింది. వెనక చక్రాన్ని కొద్దికొద్దిగా జారనిస్తూ, పట్టు వదలకుండా, సరిగ్గా పొద పక్కనే ఆపింది.

"తమ్ముడూ, దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదక్కా" అంది పొద.

"మరి నోరు పనిచేస్తోందా?"

పొద మాట్లాడలేదు. అత్త చెయ్యి అందించి వాణ్ణి బయటికి లాగింది.

కిందికి రాగానే ఇంజనీరు మేడమ్ కొండ వాల్వు తాళం తెచ్చింది. తాళమంటే వాల్వు తిప్పే ఇనుప కడ్డీ, గడపారంత ఉంటుంది. అత్త భుజం మీద పెట్టింది.

"లైను నీది. బండి కూడా ఇదే కొంటాను. కారణం ఏమని రాయమంటావు?"

"చెప్పిన మాట వింటుందని రాయండి మేడమ్. మా ఇంట్లో అలాంటిది ఒక్కటైనా ఉండాలి."

మామయ్య ఆకాశంలో కాకుల్ని చూడసాగాడు.

అత్త తాళాన్ని సంచి పక్కన కట్టుకుని బండి మళ్ళీ కొండకేసి తిప్పింది.

"మళ్ళీ ఎక్కడికే? పరీక్ష అయిపోయిందిగా!" అని అరిచాడు మామయ్య.

"పరీక్ష అయింది. ఇక లైను చూసుకోవద్దూ!"

డుగ్గు డుగ్గుమంటూ ఎక్కిపోయింది.