మా ఉలవల చుట్టూ రాళ్లు

తొంభైల్లో మాట. ఆత్మకూరులో పనుండి ఉదయగిరిలో బస్సెక్కాను. పట్నాలు చూసొచ్చిన పొగరు కొత్తగా ఉండేది. మద్రాసు ఆటోవాళ్లు చెయ్యి చూపకుండా తిరుగుతారనీ, హైదరాబాదువాళ్లు ఎడమ పక్క నుంచి దూరిపోతారనీ, మన పక్క డ్రైవర్లే నయమనీ పక్క సీటాయనకి చెప్పుకుపోతున్నాను. ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. కుంటికాలు చాపుకుని వింటున్నాడు.

దుత్తలూరు దాటాక మా ఊరి మలుపులో బస్సు ఒక్కసారిగా కుడికి తిరిగి ఆగిపోయింది. ఎదురొచ్చే జీపు మట్టిలోకి దిగింది. ఎండబెట్టడానికి సగం రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టారు.

"ఒక్కో ఊరోళ్లకి ఒక్కో చెడ్డ అలవాటు ఉండాది నాయనా," అన్నాడాయన. "ఇక్కడోళ్లు పంట ఎత్తుకుపోతారు, రాళ్లు ఆడనే వదిలేస్తారు. ఇట్టాంటి రాయెక్కే నా లారీ తిరగబడింది. ఈ కాలు అప్పుడు పోయిందే."

రాళ్ల పక్కన కర్రతో ఉలవ చెట్లు తిరగేస్తున్నది మా నాయన. కిటికీలో నన్ను చూసి, మొహమంతా నవ్వుతో చెయ్యి ఊపాడు. నేను తల తిప్పుకున్నాను.

"మీవాళ్లా?" అన్నాడాయన.

"కాదు."

ఆయన నన్నొకసారి చూశాడు. తర్వాత నా మీదుగా కిటికీ దాకా వంగి, బస్సు కదిలి మలుపు దాటేదాకా మా నాయనకి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.