పావుగంట మింగిన ప్రార్థన

ఏవండీ, ఏడుగురు డాక్టర్ల నోరు ఒక్కసారే నొక్కేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదుగో, నేనే. అదీ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి మరీ నొక్కాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది అది. గుండుగొలను దగ్గర సుగుణ డాక్టరమ్మగారి ఆసుపత్రిలో చీటీలు రాసేదాన్ని. నేను బడి మొహం ఎరగను. పాస్టరుగారైన మా నాన్నే ఇంట్లో అక్షరాలూ ప్రార్థనా నేర్పారు. దేవునికి స్తోత్రం. కానీ రెండోది కాస్త తక్కువ నేర్పాల్సింది.

డాక్టర్ల సంఘంలో మా పల్లెల లేడీ డాక్టర్లు ఏడుగురు. మీటింగుల్లో బొకేలందించడానికి తప్ప వాళ్ళని పిలిచేవారు కాదు. "కాన్పు కేసు పడవలో వస్తుంది, ఎక్కించడానికి రక్తం ఉండదు. అడుగుదామంటే కమిటీలో మాకో కుర్చీ లేదు" అని డాక్టరమ్మగారు మూడేళ్ళు ఉత్తరాలు రాస్తే, ఏలూరు సమావేశంలో చివరి పావుగంట ఇచ్చారు. కమిటీ ఎన్నికా అందులోనే. ఒంటిగంటకల్లా హాలు పెళ్ళివారికి అప్పజెప్పాలి.

పన్నెండూ ముప్పావుకి పిలుపొచ్చింది. ఫైలు మోస్తూ నేనూ డాక్టరమ్మగారి వెనకే వేదిక ఎక్కాను.

"రూతమ్మా, ఒక్క ముక్క ప్రార్థన చెయ్యి" అన్నారావిడ నా చెవిలో.

నేనూ చెవిలోనే చెయ్యొచ్చుగా? మైకు అందుకున్నాను! పాపం, అందరూ మర్యాదగా లేచి నిలబడ్డారు. మా గుడిలో ఒకరి పేరు తలిచి ఇంకొకరిని వదిలేస్తే తర్వాతి ఆదివారం దాకా మూతి విరుపులే. అందుకని వరసపెట్టాను. ఏడుగురు డాక్టరమ్మలు, వాళ్ళ నర్సులు, పడవ నడిపేవాళ్ళు, మమ్మల్ని తెచ్చిన బస్సు, దాని డ్రైవరు...

అధ్యక్షులవారు తాడేపల్లిగూడెం సర్జనుగారు. ఆయన దగ్గారు.

"ప్రభువా, ఈ పెద్దాయన దగ్గు తగ్గించు!"

ఇంకోమూల ఇంకెవరో దగ్గారు. వాళ్ళనీ వదల్లేదు. డాక్టర్ల మీటింగులో ఇంతమంది రోగులేమిటా అని నా గుండె కరిగిపోయింది. డాక్టరమ్మగారు నా కొంగు లాగారు. ఆవిడకీ ఆత్మావేశం వచ్చిందనుకుని గొంతు పెంచాను.

చివరికి ఆమేన్ అన్నాను. ఏడుగురు డాక్టరమ్మలూ హాలు అదిరేలా "ఆమేన్!" అన్నారు. కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో పెళ్ళివారి డోలు.

"నా దగ్గు తగ్గిందమ్మా, మీ టైమూ అయిపోయింది. పాత కమిటీయే ఉంటుంది. పదండి, భోజనాలు" అన్నారు అధ్యక్షులవారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇచ్చారు, మధ్యలో నేను మింగేశాను.

బస్సులో డాక్టరమ్మగారు కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

"తిట్టండమ్మగారూ."

"ఎందుకే. బస్సు డ్రైవరు చల్లగా ఉన్నాడుగా."

తిట్టినా బాగుండేది.

నెలకి సంఘం నివేదిక వచ్చింది. 'గ్రామీణ మహిళా వైద్యుల అభిప్రాయం' అన్నచోట ఒక్కటే వాక్యం: 'ఆమేన్ అన్నారు.' మూడేళ్ళ ఉత్తరాలకి దక్కింది ఆ ఒక్క మాట.

నాన్నగారి బైబిలు సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మకి మైకు ముట్టనని. ఇప్పుడు నా ప్రార్థన మనసులోనే. "ప్రభువా, వాళ్ళకో కుర్చీ. ఆమేన్."

నాలుగే మాటలండీ. ఆ రోజూ ఇంతే సరిపోయేది.