గుమ్మడికాయ కొట్టాక వచ్చిన కొబ్బరికాయ

ముందే చెబుతున్నాను, నేను చీమను చూసి ఏనుగని రాసే మనిషిని. కృష్ణానగర్‌లో సినిమాలకు మాటలు రాసి బతకాలంటే ఆ మాత్రం చూపుండాలి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే ఘోర విపత్తులో కొంత తరుగు తీసేసి, మిగిలింది నమ్మండి.

మేం సినిమావాళ్ళం, ముహూర్తం లేనిదే తుమ్మం. మొదటి షాట్‌కి కొబ్బరికాయ, ఆఖరి షాట్‌కి గుమ్మడికాయ. అలాంటివాణ్ణి, మా ఆవిడ సుజాతకి నెలలు నిండితే ఊరుకుంటానా? ఫిల్మ్‌నగర్ సిద్ధాంతి గారి దగ్గరికి పరిగెత్తాను. ఆలు ఉంది, చూలు ఉంది, బిడ్డ జాతకం మాత్రం సిద్ధాంతి సంచిలో ఉంది!

"శుక్రవారం ఉదయం పుడితే చక్రవర్తే," అన్నాడాయన.

ఆ ముహూర్తం మోసుకుని, సుజాతను వెంటబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ మామూలు కాన్పులన్నీ చూసేది మిడ్‌వైఫ్ నర్సు స్వరూప.

"శుక్రవారం పొద్దున్నే ఆపరేషన్ పెట్టెయ్యండి సిస్టర్!"

"ఎందుకన్నా, ఏం తక్లీఫ్ ఉంది?"

"తక్లీఫేం లేదు. ముహూర్తం ఉంది."

"అవసరం పడితే డాక్టరమ్మ పక్కనే ఉంటది, ఫికర్ లేదు. మంచిగున్న తల్లిని ముహూర్తం కోసం కొయ్యుడు మా పద్ధతిల లేదన్నా. గింతకీ వదినను అడిగినవా?"

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.

"నాకు కోతలొద్దు," అంది సుజాత. "నొప్పులప్పుడు మీరు నా చెయ్యి వదలకుండా ఉండండి. అదొక్కటే చాలు."

గురువారం తెల్లవారుతూనే, సరిగ్గా యమగండంలో, నొప్పులు మొదలయ్యాయి.

"రేపటిదాకా ఆపుకోలేవా?" అన్నాను. (దయచేసి ఈ వాక్యం మా ఆవిడ వినేలా చదవకండి.)

"నేనేమన్నా మున్సిపాలిటీ కుళాయినా, తిప్పి కట్టేయడానికి!"

ఆ కాన్పుల గది మేం తీసే సీనులా లేనే లేదు. వేడినీళ్ళ గంగాళం లేదు, కసిరే నర్సు లేదు. సుజాత నడుస్తానంటే నడిపించారు, కూర్చుంటానంటే కూర్చోబెట్టారు, మజ్జిగ అడిగితే ఇచ్చారు. స్వరూప మధ్యమధ్యలో బిడ్డ గుండెచప్పుడు వింటోంది, ఏది చేసినా ముందు సుజాతను అడిగే చేస్తోంది. నాకూ ఒక వేషం ఇచ్చింది.

"అన్నా, ఒక చేత్తో వదిన చెయ్యి పట్టుకో, ఇంకో చేత్తో నడుం రుద్దు. డైలాగులు మాత్రం చెప్పకు."

రుద్దాను. దోసెపెనం మీద ఉల్లిపాయ రుద్దినంత భక్తిగా సాయంత్రం దాకా రుద్దాను. అంతలో సిద్ధాంతి గారి ఫోను! సుజాత పిడికిట్లోంచి చెయ్యి లాక్కుని బయటికి పరిగెత్తాను.

"స్వామీ, ఇవాళేమన్నా ముహూర్తం దొరుకుతుందా?"

"దీపాలు పెట్టే వేళ దివ్యంగా ఉందయ్యా. కొబ్బరికాయ కొట్టు!"

సందుసందూ గాలించి కాయ కొన్నాను. గేటు దగ్గర సెక్యూరిటీతో కురుక్షేత్రం చేశాను. కాయ చంకన పెట్టుకుని గదిలోకి దూకాను.

"సుజాతా! ఇంక కానివ్వు!"

సుజాత గుండెల మీద వెచ్చగా పడుకున్న ఎర్రటి శాల్తీ ఒకటి నన్ను చూసి ఆవలించింది. ఆడపిల్ల.

"మీ నాన్నొచ్చారే," అంది సుజాత, "మనం గుమ్మడికాయ కొట్టేశాక, కొబ్బరికాయ పట్టుకుని."

"సిస్టర్, అసలు ఘట్టం నేను చూడనేలేదు..."

"దీనికి రీటేక్ లేదన్నా. జర చేతులు కడుక్కొని రా, బిడ్డనెత్తుకుందువు."

ఆ కాయ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో కడుపులో బిడ్డకి కాల్షీటు వెయ్యను. రెండో కాన్పుకి అదే స్వరూప దగ్గరికి, ఫోను ఇంట్లో పారేసి వెళ్ళాను. సుజాత పట్టుకి నా వేళ్ళు జంతికలయ్యాయి, అయినా వదల్లేదు. ముహూర్తం లేకుండా వచ్చిన ఆ ఇద్దరు చక్రవర్తులూ ఇప్పుడు మా ఇంటిని ఏలుతున్నారు.

ఇందులో కల్పితమెంత అంటారా? సెక్యూరిటీతో కురుక్షేత్రం నిజం. ఆవలింతా నిజమే. అబద్ధం ఒక్కటే: సిద్ధాంతి గారు ఫోన్ చెయ్యలేదు. నేనే చేశాను.