రెక్క పట్టిన పుల్లయ్య

జగ్గయ్యపేట అవతల, పత్తిచేల మధ్య, విమానం నడపడం నేర్పే చిన్న బడి ఒకటుంది. ఉన్నది ఒకే విమానం, రెండే సీట్లు. బరువులో మా గేదెకూ దానికీ పెద్ద తేడా లేదు. నేనక్కడ గుమాస్తాను. నందిగామ కాన్వెంటులో నేర్చిన ఇంగ్లీషు అండతో, విమానాల గురించి నాకు తెలియనిది లేదని అందరికీ చెప్పేవాణ్ణి. నమ్మింది నేనొక్కణ్ణే.

పుల్లయ్యది వత్సవాయి. ముప్ఫై ఏళ్లు ట్రాక్టర్ల మీద గడ్డి లోడు కట్టాడు. విమానాన్ని తాళ్లతో కట్టేయడం, అది నేలమీద కదిలేటప్పుడు రెక్క పక్కన నడవడం ఇక్కడ అతని పని. చదువురాని మనిషి ఈ పనికి తగడని పైవాళ్లకు ఉత్తరం రాసింది నేనే. ఉంచాలో తీసేయాలో శనివారంలోగా తేల్చమని వాళ్లు పైలట్ సింధూరకు చెప్పారు. ఇదంతా పుల్లయ్యకు తెలుసు. అయినా రోజూ నాకు టీ తెచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

శుక్రవారం మధ్యాహ్నం సింధూర విమానాన్ని షెడ్డువైపు నడిపిస్తోంది. నా పాండిత్యం చూపించుకోవడానికి పక్క సీట్లో నేనూ ఎక్కాను.

"అమ్మా, ఆగండి! ఇప్పుడు మలుపు తిరిగితే గాలి ఎడం వెనకాల నించి కొడుద్ది," అని అరిచాడు పుల్లయ్య.

"ఎగరని విమానాన్ని గాలేం చేస్తుందయ్యా?" అన్నాను, కిటికీలోంచి.

"గడ్డి ట్రాక్టరు ఎగురుద్దా? అది పడట్లా?"

అప్పటికే విమానం తిరిగింది. గాలి విసురుగా వచ్చింది. ఎడమ రెక్క లేచింది. ఇద్దరి ముందూ ఉన్న, విమానాన్ని అదుపు చేసే కర్రలు కలిసే కదులుతాయి. సింధూర తన కర్రను ముందుకు నెడుతోంది. నేనేమో నా కర్రను పగ్గంలా పొట్టకేసి లాగాను.

"కామేశంగారూ, వదలండి! తోక కిందికి గాలి దూరుతోంది!" అని అరిచింది సింధూర.

"లాగితేనే ఆగుతుందమ్మా!"

తోక లేచింది. ఊళ్లో చెప్పేటప్పుడు తాడిచెట్టంత అంటాను. నిజానికి జానెడు. ఆ జానెడుకే నాకు సిస్టరమ్మలు నేర్పిన ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

లోడు ఒరిగితే గాలి వచ్చే పక్క తాడుకు మనుషులు వేలాడతారు. పుల్లయ్య అలాగే ఎడమ రెక్క కింది కమ్మీకి వేలాడాడు.

"కామేశంగారూ! ఆ కర్ర ఒదుల్తారా, నన్నే లోపలికి రమ్మంటారా?"

వదిలాను. సింధూర కర్ర నెట్టి, ఇంజను ఆపింది. రెక్క దిగింది.

కిందికి దిగాక ఆమె నేరుగా పుల్లయ్య దగ్గరికి నడిచింది. "మీరు చెప్పినా వినలేదు పుల్లయ్యగారూ, తప్పు నాదే. రేపటిదాకా ఎందుకు, మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఇకనుంచి కొత్తవాళ్లకు గాలి పాఠం కూడా మీరే చెప్పాలి."

"ముందెవరికి చెప్పమంటారమ్మా?"

ఇద్దరూ నావైపు చూశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుని చీపురుకర్రను ముందుకు నెడుతున్నాను. వెనకనుంచి పుల్లయ్య విసనకర్ర ఊపుతుంటాడు.

"గాలి వెనకాలండీ కామేశంగారూ! మళ్లీ లాగారు!"