గట్టు జరిగినా జరగని గీత

మొన్న నూజివీడు నుంచి ఆటోలో వస్తుంటే, పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల పుస్తకం టపీమని మూసి, ఈ సరళరేఖ సమీకరణాలు బతుకులో ఎవరికి పనికొస్తాయని స్నేహితురాలితో విసుక్కుంది. నాకు పనికొచ్చాయమ్మా అనబోయి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మాకున్నది అరెకరం నేల, అందులో కాపుకొచ్చిన రసాల మామిడి ఒక్కటే. పడమట పక్కన, నాన్న కూలికెళ్ళే ఆసామి తోట. ఏటా వానలకు ముందు మధ్య గట్టు చెక్కాలి కదా, తోట వైపు చెక్కిన మట్టి మా వైపు వేయమని ఆసామి చెబితే నాన్న నోరెత్తకుండా అలాగే వేసేవాడు. ఏడాదికి జానెడు చొప్పున గట్టు మా మీదికి జరిగి, నేను పదో తరగతికి వచ్చేసరికి చెట్టు అవతల పడింది. ఆ వేసవి కాయ తనదేనన్నాడు ఆసామి. గట్టు జరిపిన చేతులు తనవే కాబట్టి నాన్న తల వంచుకున్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

హద్దు చివర్ల రెండు సర్వే రాళ్ళూ కదలలేదు, కానీ వాటి మధ్య తాడు లాగుదామంటే గుబురు చెట్లు అడ్డం. రెండు బిందువులు తెలిస్తే చాలు, గీత ఎక్కడెక్కడ పోతుందో రాయొచ్చని ఆ ఏడే మా లెక్కల మేష్టారు నేర్పారు. రోడ్డూ, దానికి నిలువుగా ఉత్తరానికి పోయే కాలవా కలిసే మూలను సున్నా అనుకుని, అమ్మా నేనూ చెట్ల వరుసల సందుల్లో దూరి తాడుతో బారలు కొలిచాం. మొదటి రాయి రోడ్డు మీదే, తూర్పుకు ఇరవై బారలు. రెండోది తూర్పుకు యాభై, ఉత్తరానికి అరవై. పక్కకు ముప్పై జరిగితే పైకి అరవై, అంటే వాలు రెండు. y = 2x − 40 అని రాసుకున్నాను. చెట్టు ఉత్తరానికి ముప్పై బారల దగ్గరుంది, అక్కడ హద్దు తూర్పుకు ముప్పై అయిదో బార మీద పోవాలి, చెట్టేమో ముప్పై ఆరు మీద, నిండా ఒక బార మా వైపు!

ఆసామి అరుగు ముందు నోటుబుక్కు తెరిచాను.

"కాయితం మీద గీతలు నేల మీద చెల్లవమ్మాయ్" అన్నాడు.

"తప్పెక్కడుందో చూపించండి, ఇక్కడే చించేస్తానండీ. లేదంటే తాసీల్దారు ఆఫీసులో ఇదే పెడతాను."

ఆయన ఆ పేజీ చాలాసేపు తిప్పి తిప్పి చూసి, గట్టు ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆసామి తోట పనికి నాన్నను పిలవలేదు. నాన్న విస్సన్నపేట దాకా కూలికి నడిచాడు, నన్ను ఒక్క మాటా అనలేదు. నేనూ పశ్చాత్తాపపడలేదు, ఇప్పటికీ పడను. ఈ రోజుల్లో యంత్రం తెచ్చి నిమిషాల్లో హద్దు తేల్చేస్తున్నారు, మంచిదే. కానీ జానెడు జానెడుగా తాను చెక్కిన గట్టును, పదో తరగతి కూతురు చూపించిన చోట, ఆసామి చూస్తుండగా, నాన్న తల పైకెత్తి మళ్ళీ వేసిన ఆ పొద్దు ఏ యంత్రం తెచ్చిపెడుతుంది?