నీరడి తాత డప్పు

మా ఊరి నీరడి తాత పోయాడు. పొద్దున దుకాణం తలుపు తీస్తుంటే పాలు పోసే ఆయన బండి ఆపి చెప్పాడు. ముందు రోజు సాయంత్రం నా దుకాణం బల్ల మీద కూర్చుని మబ్బు వంక చూసిన మనిషి. "ఈ మబ్బు మనది కాదు, కొత్తూరు దిక్కు పోతది" అని లేచి వెళ్ళాడు. నిద్రలోనే పోయాడట. సగం తీసిన తలుపు మళ్ళీ వేశాను.

నీరడి అంటే ఎవరో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. చెరువు కట్టను కనిపెట్టుకుని ఉండి, తూము ఎత్తి పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషి. మా ఊళ్ళో దండోరా వేయడం కూడా ఆయన పనే. మాది సాతంరాయి దాటి కొంచెం లోపలికి. విమానాశ్రయం వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి. తూము ఎత్తమని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. అయినా ఆయన రోజూ కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు.

"పొలాలు పోయినయి గని నీళ్ళు ఏడికి పోయినయి బిడ్డా? ఎప్పుడో మళ్ల వస్తయి, మా తోవ ఏదని అడుగుతయి" అనేవాడు.

ఆ తోవ మీదే కిరాయి గదులు లేచాయి. చెరువు నిండితే నీళ్ళు బయటికి పోయే కాలువను పూడ్చి, రేకుల గదులు వరసగా కట్టారు. ఫ్యాక్టరీలకు, విమానాశ్రయం పనులకు పోయేవాళ్ళు వాటిలో దిగారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు, పాలమూరు వాళ్ళు, ఒడిశా వాళ్ళు. ఊరి సంగతులు వాళ్ళకు తెలియవు, వాళ్ళ పేర్లు ఊరికి తెలియవు.

ఒక ఏడు వినాయక చవితి రోజుల్లో వాన పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నం తాత కట్ట మీది నుంచి డప్పు కొట్టుకుంటూ పరుగున దిగాడు. కట్ట తెగేటట్టుంది, లేవండి అని ఆ దెబ్బకు అర్థం. ఇక్కడ పుట్టినవాళ్ళకు అది వింటే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. కిరాయి గదుల వాళ్ళు మాత్రం నవ్వుతూ బయటికి వచ్చారు. గణపతి ఊరేగింపు అనుకున్నారు. పిల్లలు తాత ముందు గెంతుతూ ఆడారు. ఎవరో ఫోన్ ఎత్తి ఫొటో తీశారు. తాత గొంతు చించుకుని అరిచాడు. వాన హోరులో ఎవరికీ వినపడలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక గాని వాళ్ళు కదల్లేదు.

అందరూ గట్టెక్కారనే అనుకున్నాం. చివరి గదిలో ఒకతను రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. సామాను పోకుండా అతని తోటివాడు రోజూ బయట తాళం వేసి పనికి పోయేవాడట. ఆ సంగతి తెలిసి, మేం పైకెక్కి రేకు పీకి దిగేసరికి ఆలస్యమయింది.

తాత తడి డప్పు ఒళ్ళో పెట్టుకుని ఎత్తు మీద ఉన్న బడి మెట్ల మీద కూర్చున్నాడు. "నేను మొత్తుకుంటుంటె పోరగాళ్ళు ఆడిండ్రు బిడ్డా. నా డప్పుకు ఆడిండ్రు" అన్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను, అంతే.

మరుసటి ఏడు వానలకు ముందు డప్పు తీసుకుని ఆ గదుల దగ్గరికి వెళ్ళాడు. మొదటి గదిలో ఉండే శ్రీకాకుళం ఆవిడ అడిగేసింది.

"మా దగ్గర తుఫానొస్తే మైకులో చెప్తారండీ. మీరు పెళ్ళి బాజా కొడితే మాకేం తెలుస్తుంది?"

"పెండ్లి బాజానా? జర చెవు పెట్టి ఇనమ్మా. గిది పెండ్లి. గిది నీళ్ళు."

రెండూ కొట్టి చూపించాడు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి తాతా."

"నీ చెవులు దవాఖానల సూపియ్యాలె."

"ముందు మీ డప్పుని చూపించండి!"

అందరితో పాటు తాత కూడా నవ్వాడు. కానీ దెబ్బ గుర్తుపట్టడం నేర్చినవాళ్ళు గది ఖాళీ చేసి పోయేవాళ్ళు. కొత్తవాళ్ళు దిగేవాళ్ళు. ఎన్నిసార్లు నేర్పినా కథ మొదటికే వచ్చేది. చివరికి విసిగి ఒక మాట చెప్పేశాడు.

"ఇగ ఏ డప్పయినా సరే, ఇనవడంగనే బడి మెట్లెక్కుండ్రి. పెండ్లయితే పెండ్లి సూసి దిగుండ్రి, నష్టమేంది? అడుగుడు తర్వాత, ఎక్కుడు ముందుగాల. వచ్చేటప్పుడు తలుపులు బార్ల తీసి రావాలె. లోపల ఎవ్వరు లేరని నాకు దూరంకెల్లి కనవడాలె."

దాంతో ఆయనకే పని పెరిగింది. ఊళ్ళో బోనాలైనా, పెళ్ళయినా, చావైనా ముందే ఆ గదులకు వెళ్ళి ప్రతి తలుపూ డప్పు కట్టెతో తట్టేవాడు. "మోగేది బోనాలకు. పరేషాన్ గాకుండ్రి" అని చెప్పి వచ్చేవాడు.

"ఎందుకు తాతా ఈ తిప్పలు? ఆ కాలువేదో తవ్విస్తే పోదా?" అని ఒకసారి అడిగాను.

"తిరగని ఆఫీసు లేదు. సూస్తమన్నరు. నా చేతుల ఉన్నది ఈ కట్టె. గిదే కొడుత" అన్నాడు.

నేను రోజువారీ జమాఖర్చులు రాసుకునే మనిషిని. కూడితే తీసివేస్తే తేలే సంగతులే నాకు తెలుసు. తాత పడ్డ తిప్పలు ఏ లెక్కలో రాయాలో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. కాలువ అలాగే పూడిపోయి ఉంది. తాత కొడుకు విమానాశ్రయానికి కారు నడుపుతాడు. పొద్దున వాళ్ళింటికి వెళ్ళి, ఇకముందు కట్ట ఎవరు చూస్తారని అడిగితే తల దించుకున్నాడు. "నాకు కొట్టరాదన్నా. బాపు నేర్పుతనంటే నేనే టైం లేదన్న" అన్నాడు.

తాత శవయాత్రకు డప్పులు పక్క ఊరి నుంచి వచ్చాయి. ఎండ చురుక్కుమంటోంది. పాడె గడప దాటగానే మోత మొదలైంది. మేం మలుపు తిరిగి బడి దగ్గరికి వచ్చేసరికి మెట్ల నిండా జనం. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, చేతుల్లో కాగితాలు దాచుకున్న సంచులు. శ్రీకాకుళం ఆవిడ రొప్పుతూ నా దగ్గరికి వచ్చింది.

"చెరువు తెగిందాండీ? తాత ఏడండీ?"

ఈ రోజు మోగేది దేనికో ముందుగా వెళ్ళి చెప్పే మనిషి పాడె మీద ఉన్నాడు. నేను అటు చూశాను. ఆవిడా చూసింది. నెత్తి మీది మూట దించలేదు. మెట్ల మీది నుంచి ఎవరూ దిగలేదు. పాడె వాళ్ళ ముందు నుంచే సాగిపోయింది.

నేను వెనక్కి తిరిగి పల్లంలోకి చూశాను. ఎండలో రేకులు మెరుస్తున్నాయి. మొదటి గది నుంచి ఆ చివరి గది దాకా, ప్రతి తలుపూ బార్లా తీసి ఉంది.